కరాచీ నుంచి జుహూ దాకా: ఒక ప్రయాణాన్ని మళ్ళీ చేయడమంటే ఏమిటి?

(హైదరాబాదులో అక్టోబరు నెలలో జరిగిన ఒక సభలో, విమాన మరమ్మతు ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన వక్త చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం ఇది.)

సభకు నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవారికి వినిపిస్తోందా? వినిపించకపోతే దయచేసి చెయ్యెత్తండి, కొంచెం గట్టిగా మాట్లాడతాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. నేను విమానాలు నడిపినవాణ్ణి కాను. విమానాలను నేల మీద సిద్ధం చేసి, పైలట్ చేతికి అప్పగించి, అవి తిరిగి వచ్చేదాకా ఆకాశం వైపు చూస్తూ నిలబడిన మనుషుల్లో ఒకణ్ణి. అందుచేత ఈ రోజు నేను చెప్పబోయే ప్రయాణాన్ని కూడా నేల మీద నుంచే చూస్తాను. ఆ చూపులో కొన్ని విషయాలు పెద్దవిగా కనిపిస్తాయి, కొన్ని చిన్నవిగా కనిపిస్తాయి. అది నా వృత్తి నాకిచ్చిన చూపు, దాన్ని దాచుకోను.

1932 అక్టోబరు 15. ఉదయం 6 గంటల 35 నిమిషాలు. కరాచీలోని ద్రిగ్ రోడ్ మైదానం. ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు ఒక్కడే ఒక చిన్న విమానంలో కూర్చున్నాడు. ఆ విమానం పేరు పుస్ మోత్. అందులో సుమారు 25 కిలోల ఉత్తరాల సంచులు ఉన్నాయి. ఆ ఉత్తరాలు లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాల్లో కరాచీ దాకా వచ్చాయి. 1929లో మొదలైన ఆ సర్వీసు వల్ల ఇంగ్లాండు ఉత్తరం కొద్ది రోజుల్లో కరాచీలో దిగేది, కానీ అక్కడినుంచి బొంబాయికీ మద్రాసుకీ రైలెక్కి రావలసిందే. ఎంతో వేగంగా సముద్రాలు దాటి వచ్చిన ఉత్తరం మన గడ్డ మీదకు వచ్చాక నెమ్మదించేది. ఆ చివరి దూరాన్ని కూడా గాలిలోనే దాటించాలన్నది ఆ యువకుడి ప్రయత్నం. ఆయన జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. మనందరికీ జె.ఆర్.డి. టాటా. 1929 ఫిబ్రవరి 10న ఈ దేశంలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్సు ఆయనది.

ఇదే దారిలో, ఇదే తేదీన, ఇదే మనిషి 1962లో మరోసారి ఎగిరారు. అప్పుడు ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. 1982లో ఇంకోసారి ఎగిరారు. అప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండుసార్లూ ఆ పాతకాలపు రకం విమానంలోనే, రెండుసార్లూ ఒంటరిగానే. ఇరవై ఎనిమిది, యాభై ఎనిమిది, డెబ్భై ఎనిమిది. ఒకే మనిషి, ఒకే దారి. చరిత్రలో పేరుపడ్డ విమానయానాలను తరవాతి తరాలవారు మళ్ళీ చేసి చూపించిన సందర్భాలు లోకంలో చాలా ఉన్నాయి. కానీ మొదటి ప్రయాణం చేసిన మనిషే యాభై ఏళ్ళ తరవాత వచ్చి, అదే దారిని ఒంటరిగా మళ్ళీ తొక్కడం చాలా అరుదు. అందుకే ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

నా ప్రశ్న ఒక్కటే. ఒక ప్రయాణాన్ని మళ్ళీ చేయడమంటే ఏమిటి? ఏది అలాగే ఉంచాలి? ఏది మారితే ఫరవాలేదు? ఏది మారితే ఇక అది ఆ ప్రయాణం కాదు?

మొదటి ప్రయాణం

మొదటి ప్రయాణాన్ని సరిగా తెలుసుకుంటేనే రెండోదాన్ని తూచగలం. కాబట్టి కాసేపు 1932లోనే ఉందాం.

ఈ సర్వీసు ఆలోచన మొదట నెవిల్ వింట్సెంట్‌ది. దక్షిణాఫ్రికాలో పుట్టి, బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, ఆ తరవాత మన దేశమంతా తిరుగుతూ జనాన్ని విమానం ఎక్కించి చూపించిన మనిషి ఆయన. ఆయన తెచ్చిన పథకం జె.ఆర్.డి.కి నచ్చింది. టాటా సంస్థ పెద్దలు సుమారు రెండు లక్షల రూపాయల పెట్టుబడికి ఒప్పుకున్నారు. ప్రభుత్వం మాత్రం సబ్సిడీ ఇవ్వలేదు. బేరసారాలు ఏళ్ళ తరబడి సాగిన తరవాత 1932లో పదేళ్ళ ఒప్పందం కుదిరింది. అప్పటికి వాళ్ళ దగ్గర ఉన్నవేమిటి? రెండు చిన్న విమానాలు, ముగ్గురు పైలట్లు, కొద్దిమంది మెకానిక్కులు, బొంబాయి శివారు జుహూలో సముద్రపు ఒడ్డున ఒక బురద మైదానం, దాని పక్కన తాటాకు కప్పిన ఒక పాక. వానాకాలంలో ఆ మైదానం నీళ్ళలో మునిగిపోయేది, అప్పుడు మకాం పూనాకు మార్చుకునేవారు.

రేడియో లేదు. నేల మీద నుంచి దారి చూపే పరికరం ఏదీ లేదు. వాతావరణం గురించి ముందుగా తెలిసింది చాలా తక్కువ. పైలట్ ముందు ఒక దిక్సూచి, ఒడిలో ఒక పటం, చేతికి గడియారం. కరాచీ నుంచి బయలుదేరాక సింధు నది పాయలూ ఉప్పు కయ్యలూ దాటాలి, ఆ తరవాత కచ్ రణ్ వస్తుంది. ఈ సభలో ఎవరైనా కచ్ రణ్ చూశారా? చూసినవారికి తెలుస్తుంది. అక్టోబరులో వాననీరు ఇంకా పూర్తిగా ఇంకిపోదు. కొంత నీరు, కొంత బురద, కొంత ఉప్పు. పైనుంచి చూస్తే ఏది నేలో, ఏది నీరో తేలదు. అక్కడ ఇంజను ఆగితే దిగడానికి చోటు లేదు, దిగినా నడిచి వెళ్ళడానికి ఊరు లేదు. ఒక్క ఇంజనున్న విమానంలో, రేడియో లేకుండా, అంత దూరం ఆ నేల మీదుగా వెళ్ళడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి.

అహ్మదాబాద్‌లో దిగారు. అక్కడ పెట్రోలు ఎలా వచ్చింది? ఎడ్లబండి మీద వచ్చింది. బర్మా షెల్ కంపెనీవారి నాలుగు గాలన్ల డబ్బాలు ఎడ్లబండి మీద మైదానానికి తెచ్చారు. ఈ విషయాన్ని చాలామంది ఒక విచిత్రంలా చెబుతారు. విమానమేమిటి, ఎడ్లబండేమిటి అని ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ ఎడ్లబండి ఆ ప్రయాణానికి ఉన్న రెండో రెక్కలా అనిపిస్తుంది. ఆ బండి తోలినవాడు ఆ ఉదయం ఆలస్యం చేసి ఉంటే ఉత్తరాలు ఆ రోజు బొంబాయి చేరేవి కావు. బండివాడి పేరు ఎక్కడా రాసి లేదు. డబ్బా మూత తీసి పెట్రోలు పోసినవారి పేరు కూడా రాసి లేదు. ఈ మాట మళ్ళీ చెబుతాను, ఎందుకంటే తరవాత దీని దగ్గరికే తిరిగి వస్తాను. బండివాడి పేరు ఎక్కడా రాసి లేదు.

అక్కడినుంచి దారి తేలిక. మహీ, నర్మద, తాపీ నదులు ఒకదాని తరవాత ఒకటి గుర్తులుగా కనిపిస్తాయి, పక్కనే సముద్రం ఒడ్డు. మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు జుహూలో దిగారు. అక్కడ వింట్సెంట్ సిద్ధంగా ఉన్నాడు. దక్షిణాదికి వెళ్ళవలసిన సంచులు తీసుకుని ఆయన బయలుదేరి, ఆ రాత్రి బళ్లారిలో ఆగి, మర్నాడు మద్రాసు చేరాడు. అప్పటికి బళ్లారి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది, తెలుగూ కన్నడమూ కలిసిన ఊరు. కొన్నేళ్ళకే బళ్లారికి బదులు మన హైదరాబాదు ఆ దారిలో మజిలీ అయింది.

తొలి ఏడాదిలో ఈ చిన్న బృందం 1,60,000 మైళ్ళు ఎగిరింది. 155 మంది ప్రయాణికులను, సుమారు 10 టన్నుల ఉత్తరాలను చేరవేసింది. ఈ అంకెల కన్నా నాకు విలువైనది ఇంకొకటి ఉంది. వేళ తప్పకపోవడం. వానాకాలంలో కూడా పడమటి కనుమలు దాటి వేళకు ఉత్తరాలు చేర్చారని ఆనాటి పౌర విమానయాన శాఖ తన నివేదికలో మెచ్చుకుంది. రేడియో లేని రోజుల్లో వేళ తప్పకుండా రావడమంటే అది పైలట్ ఒక్కడి ప్రతిభ వల్ల అయ్యే పని కాదని ఇక్కడ కూర్చున్న రైల్వే ఉద్యోగులకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

విమానం సంగతి

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

1932లో ఎగిరింది పుస్ మోత్. 1962లోనూ 1982లోనూ ఎగిరింది లెపర్డ్ మోత్. రెండూ డి హావిలాండ్ కంపెనీవే. అక్కాచెల్లెళ్ళ వంటివి. రెండింటికీ రెక్క పైన ఉంటుంది, పైలట్ నాలుగు గోడల మధ్య కూర్చుంటాడు, ముందు ఒకే ఇంజను. కానీ పుస్ మోత్ ఒళ్ళు ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పి చేసింది. 1933లో వచ్చిన లెపర్డ్ మోత్ ఒళ్ళు పలుచని చెక్కతో, అంటే ప్లైవుడ్‌తో చేసింది. పుస్ మోత్‌ల రోజుల్లో కొన్ని విమానాలు గాలిలోనే విరిగిపోతే, బ్రిటన్‌లో దర్యాప్తు జరిపి రెక్కకు ఆసరాగా ఉండే కమ్మీల దగ్గర బలం పెంచారు. ఆ అనుభవం తరవాత వచ్చిన విమానం లెపర్డ్ మోత్.

మరి అదే విమానం కానప్పుడు అది అదే ప్రయాణం అవుతుందా? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. అవుతుంది. పూరీలో జగన్నాథుడి రథాన్ని ఏటా కొత్త కలపతో చేస్తారు. ఆ కొలతలు పాతవి, ఆ చేతిపని పాతది, ఆ వీధి పాతది. దాన్ని ఎవరైనా నకలు అంటారా? అనరు. విమానంలోనూ అంతే. మొదటి విమానపు తోబుట్టువును తీసుకుని, అది మొదటిది కాదని దాచకుండా చెప్పి, మొదటిదాన్ని ఎలా చూసుకున్నారో దీన్నీ అలాగే చూసుకుంటే అందులో లోపం లేదు. పాత విమానం బొమ్మ పైకి కనిపిస్తూ, లోపల కొత్త ఇంజను, కొత్త తెరలు, దారి చూపే ఉపగ్రహ పరికరం పెట్టుకుని, అదే ప్రయాణం చేశామని చెప్పుకోవడమే నాకు సమ్మతం కాదు.

అయితే యాభై ఏళ్ళ నాటి చెక్క విమానాన్ని మళ్ళీ ఎగిరేలా చేయడమంటే అసలు ఏం చేస్తారు? జె.ఆర్.డి. ఎగిరిన ఆ విమానం మీద నేను పని చేయలేదు. కానీ అదే రకం ఇంజను మీద పని నేర్చుకున్నాను. జిప్సీ మేజర్ అని పేరు. టైగర్ మోత్ అనే శిక్షణ విమానంలోనూ, లెపర్డ్ మోత్‌లోనూ ఉండేది అదే ఇంజను.

ముందు చెక్క సంగతి. ఆ రోజుల్లో చెక్కను చెక్కతో కలపడానికి పాల విరుగుడు నుంచి తీసిన కేసీన్ అనే జిగురు వాడేవారు. పొడి దేశాల్లో అది చాలా కాలం పట్టు విడవదు. మన వానాకాలంలో అలా ఉండదు. తేమ తగిలితే ఆ జిగురుకు బూజు పడుతుంది, పట్టు సడలుతుంది. పైకి చూస్తే చెక్క నున్నగా, నిండుగా కనిపిస్తుంది. లోపల అతుకు ఊడి ఉంటుంది. అందుకని పైన ఉన్న గుడ్డ అంతా విప్పేసి, ప్రతి అతుకునూ వేలి కణుపుతో తట్టి వినాలి. గట్టి అతుకు ఒక రకంగా మోగుతుంది, వదిలిన అతుకు ఇంకో రకంగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు మన ఇళ్ళలో ఆడవాళ్ళు తట్టి చూసేవారే, సరిగ్గా అదే విద్య. అనుమానం ఉన్న ప్రతి ముక్కనూ తీసి కొత్తది వేయాలి. ఇక్కడ పాత జిగురే వాడాలని పట్టుబట్టేవారిని నేను ఒప్పుకోను. మనిషి ప్రాణం ఆధారపడిన అతుకు కొత్త జిగురుతోనే వేయాలి.

తరవాత గుడ్డ. రెక్కల మీద నారగుడ్డ బిగించి కుట్టి, దాని మీద డోప్ అనే ద్రవాన్ని పూతల మీద పూతలుగా రాస్తారు. అది ఆరుతున్నకొద్దీ గుడ్డ బిగుస్తుంది, చివరకు మృదంగం చర్మంలా అవుతుంది. మబ్బు పట్టిన రోజున, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఆ పూత వేయకూడదు. వేస్తే తెల్లగా పాలిపోయి, పట్టు పోతుంది. కనుక ఆ పని చేసేవాడు క్యాలెండరు కన్నా ఆకాశాన్ని ఎక్కువగా చూస్తాడు.

ఇక ఇంజను. జిప్సీ మేజర్ తలకిందుల ఇంజను. అంటే సిలిండర్లు కిందికి వేలాడుతుంటాయి. దానివల్ల ముక్కు భాగం కిందికి ఉండి పైలట్‌కు ముందు చూపు బాగుంటుంది. కానీ ఒక చిక్కు ఉంది. ఆగి ఉన్నప్పుడు ఆయిలు మెల్లగా కిందికి, సిలిండర్ల లోపలికి దిగుతుంది. అందుకని స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకూడదు. ప్లగ్గులు విప్పి ఆ ఆయిలు కారనివ్వాలి. తొందరపడితే ఇంజను లోపల కడ్డీ వంగిపోతుంది.

ఇక్కడ నా జీవితంలో జరిగిన ఒక విషయం చెప్పాలి. 1974లో నేను ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పని నేర్చుకుంటున్నాను. మా ఫోర్‌మన్ గారు వయసులో పెద్దవారు, చేతి వేళ్ళలోనే కళ్ళున్న మనిషి. ఒక ఉదయం ఆయన రాకముందే, పని వచ్చేసిందన్న నమ్మకంతో, ప్రొపెల్లర్ తిప్పబోయాను. ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటో స్విచ్ ఆపి ఉందో లేదో చూడలేదు. ఆపి లేదు. ఇంజను ఒక్కసారి వెనక్కి తన్నింది. ప్రొపెల్లర్ నా భుజానికి జానెడు దూరంలో తిరిగి ఆగింది. అంతలో ఆయన వచ్చారు. ఒక్క మాట కూడా తిట్టలేదు. "బాబూ, దీనికి నువ్వెవరో తెలియదు. స్విచ్ ఒక్కటే తెలుసు" అన్నారు. ఆ తరవాత ముప్పై ఏడేళ్ళ ఉద్యోగంలో స్విచ్ చూడకుండా ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే. ఎందుకు చెబుతున్నానంటే, పాత విమానాన్ని మళ్ళీ ఎగరేయడమంటే ఆ ఇనుమునూ చెక్కనూ బాగుచేయడం ఒక సగం. ఆ ఇనుముతో ఎలా మెలగాలో తెలిసిన చేతులను మళ్ళీ తయారుచేయడం రెండో సగం. విమానం మ్యూజియంలో దొరుకుతుంది. ఆ చేతులు ఎక్కడ దొరుకుతాయి?

ఇంకొక విషయం. ఇది బయటివారికి తట్టదు. ఆ కాలపు విమానాలను రన్‌వే కోసం చేయలేదు. ఆ కాలంలో ఉన్నది మైదానం. నలుచదరపు గడ్డి నేల. గాలి ఎటు నుంచి వీస్తే అటు ముఖం పెట్టి పైలట్ లేచేవాడు, అటే దిగేవాడు. ఇప్పుడున్నది ఒకే దిక్కున వేసిన తారు పట్టీ. గాలి పక్కనుంచి వీచినా ఆ పట్టీ మీదే దిగాలి. తేలిక విమానం, పెద్ద రెక్క, వెనక తోక నేలకు ఆని ఉండే అమరిక. పక్కగాలి తగిలితే తోక తిరిగిపోతుంది. కాబట్టి పాత విమానానికి 1932 కన్నా 1982లో దిగడమే కష్టం. ఆకాశం మారలేదు, నేల మారింది. ఎంత బాగుచేసినా విమానాన్ని బాగుచేయగలం గానీ, ఆనాటి మైదానాన్ని తేలేం.

మళ్ళీ చేసిన ప్రయాణాలు

1962 సంగతి త్వరగా చెబుతాను. ఆ ఏడాదే, ఈ ఉత్తరాల సర్వీసు నుంచే ఎదిగిన ఎయిర్ ఇండియా తన విమానాలన్నీ జెట్లుగా మార్చుకుని, ప్రపంచంలోనే పూర్తిగా జెట్ విమానాలతో నడిచే మొదటి సంస్థ అయింది. సరిగ్గా ఆ ఏడాదే దాని అధ్యక్షుడు ఒక్క ఇంజనున్న చెక్క విమానంలో కరాచీ నుంచి బయలుదేరారు. అక్టోబరు 15న ఆయన బొంబాయిలో దిగితే, అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలైంది. దేశం దృష్టి అటు మళ్ళింది.

1982 మాత్రం వేరు. అక్కడ ఆగుదాం.

1982 నాటికి జె.ఆర్.డి. ఎయిర్ ఇండియా అధ్యక్షుడు కారు. 1953లో సంస్థ జాతీయం అయినా ఆయన అధ్యక్షుడిగా కొనసాగారు, 1978లో ప్రభుత్వం ఆయనను ఆ పదవి నుంచి తొలగించింది. తను పుట్టించిన సంస్థ స్వర్ణోత్సవానికి ఆయన ఒక సాధారణ పైలట్‌గా, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో, ఆ సంస్థ కన్నా కాస్తే చిన్నదైన పాత విమానం ఎక్కి వచ్చారు. అప్పటికి కరాచీ వేరే దేశంలో ఉంది. మధ్యలో మూడు యుద్ధాలు జరిగాయి. 1932లో ఏ అడ్డూ లేని దారి మీద ఇప్పుడు ఒక సరిహద్దు గీత ఉంది. అయినా ఆయన కరాచీ నుంచే బయలుదేరాలనుకున్నారు, కరాచీ నుంచే బయలుదేరారు. అహ్మదాబాద్‌లో దిగారు. జుహూకు వచ్చారు.

ఆ రోజు జుహూలో ఆయన ఎందుకు ఎగిరారో స్వయంగా చెప్పారు. ఆ మాటల సారం మాత్రం చెబుతాను. దేశంలో, ముఖ్యంగా యువతలో, ఒక నిరుత్సాహం పెరుగుతోందని, ఏదైనా చేయగలమన్న నమ్మకం తగ్గుతోందని ఆయనకు అనిపించింది. తొలి రోజుల్లో తమలో ఉన్న ఉత్సాహాన్ని, కొంచెమైనా, మళ్ళీ రగిలించాలని ఈ ప్రయాణం చేశానన్నారు. నేను అప్పుడు యువకుణ్ణే. ఆ వార్త మర్నాడు పేపర్లో చూసినప్పుడు నా పక్కన పనిచేసేవారందరం పని ఆపి, ఆ పేపరును చేతులు మార్చుకుంటూ చదివాం. మా ఫోర్‌మన్ గారు ఫోటో వైపు చాలాసేపు చూసి, "ప్రొపెల్లర్ ఎవరు తిప్పారో" అన్నారు. అంత పెద్ద వార్తలో ఆయన వెతికింది ఆ ఒక్క విషయం. నేను ఇందాక బండివాడి గురించి చెప్పానే, ఆ మాట ఆయన దగ్గర నేర్చుకున్నదే.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఆ దారిలో ఎందుకు తెల్లవారుజామునే బయలుదేరాలి? పాత సమయాన్ని పాటించాలన్న పట్టుదల వల్ల మాత్రమేనా? దానికి శాస్త్రం కూడా ఉంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది. చిక్కని గాలిలో రెక్కకు పట్టు ఎక్కువ, ఇంజనుకు బలం ఎక్కువ. పొద్దెక్కిన కొద్దీ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. అక్టోబరు ఎండలో గుజరాత్ మైదానాల మీద మధ్యాహ్నం వేళ తేలిక విమానం ఎగుడుదిగుడు బాటలో ఎడ్లబండిలా ఎగిరెగిరి పడుతుంది. ఆ కుదుపులో గంటల తరబడి కంట్రోల్ కర్రను పట్టుకుని ఉండాలి, ఆటోపైలట్ లేదు. నా వయసు ఇప్పుడు ఆయన అప్పటి వయసుకు దగ్గరగా ఉంది. ఆ చేతుల బలం ఎంతో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకొక ప్రయాణం కూడా చెప్పాలి. 2021 అక్టోబరు 15న ఆరోహీ పండిత్ అనే యువ పైలట్ ఈ దారిని స్మరిస్తూ ఎగిరింది. ఈసారి కరాచీ నుంచి వీలుకాదు, కాబట్టి కచ్‌లోని భుజ్ నుంచి బయలుదేరి, అహ్మదాబాద్ మీదుగా జుహూ చేరింది. ఆమె నడిపింది పాత విమానం కాదు, ఈ కాలపు తేలిక విమానం. అయితే దారి చూపే ఉపగ్రహ పరికరం, ఆటోపైలట్ వాడకుండా పటం చూసుకుంటూ వెళ్ళింది. తన వెంట ఏం తీసుకెళ్ళిందో తెలుసా? ఉత్తరాలు. 1971 యుద్ధంలో భుజ్ రన్‌వే మీద బాంబులు పడితే, పక్కనే ఉన్న మాధాపర్ గ్రామం ఆడవాళ్ళు సుమారు మూడు వందల మంది మూడు రోజుల్లో దాన్ని మళ్ళీ వాడుకునేలా చేశారు. వాళ్ళలో జీవించి ఉన్నవారు రాసిన ఉత్తరాలను ఆమె జుహూకు తెచ్చింది.

విమానం కొత్తది, బయలుదేరిన ఊరు వేరు. అయినా నా మనసుకు ఆ ప్రయాణం చాలా దగ్గరగా ఉంది. కారణం చెబుతాను. 1932 ప్రయాణం దేనికోసం జరిగింది? ఉత్తరాల కోసం. సంచిలో ఉత్తరం లేకుండా ఆ దారిలో ఎగిరితే అది మంచి విమానయానం అవుతుంది, కానీ ఆ ప్రయాణం అవదు. ఒకరు రాసిన మాటను ఇంకొకరికి, చెప్పిన వేళకు, చెక్కుచెదరకుండా చేర్చడం దానికి ప్రాణం. పైగా ఆమె తెచ్చిన ఉత్తరాలు రాసినవారు ఎవరు? నేల మీద రన్‌వే బాగుచేసినవారు. పేర్లు రాయని ఎడ్లబండివాడి తరఫువారు. ఆ పిల్ల తెలిసి చేసిందో తెలియక చేసిందో నాకు తెలియదు గానీ, నేల మీది మనుషుల మాటను విమానంలోకి ఎక్కించింది.

నేను చెప్పిన ఈ ప్రయాణాలన్నీ జుహూలోనే ఆగిపోయాయి. కానీ 1932లో ఉత్తరాలు జుహూలో ఆగలేదు కదా. వింట్సెంట్ వాటిని తీసుకుని పడమటి కనుమలు దాటి, సుమారు 600 కిలోమీటర్లు ఎగిరి బళ్లారి చేరాడు. బళ్లారి నుంచి మద్రాసుకు పటం మీద తిన్నగా ఒక గీత గీయండి. మీలో అనంతపురం, కదిరి, తిరుపతి ప్రాంతాల వారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. ఆ గీత మీ నేల మీదుగానే వెళుతుంది. వింట్సెంట్ ఈ దేశంలో విమానయానానికి పునాది వేసినవారిలో ఒకడు. 1942లో యుద్ధకాలంలో ఫ్రాన్స్ తీరం దగ్గర విమానంలోనే పోయాడు. ఆయన దారిని, ఆ రెండో సగాన్ని, ఒక పాత విమానంలో ఎవరైనా ఎగిరితే చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మన వైమానిక దళం దగ్గర బాగుచేసిన టైగర్ మోత్ ఉంది, ఆ విద్య తెలిసినవారు దేశంలో ఇంకా ఉన్నారు, కనుక ఇది కాని పని కాదు.

దానికి ముందు మనం చేయగల పని ఒకటి ఉంది. మీ ఇళ్ళలో తాతల నాటి ట్రంకుపెట్టెల్లో 1930ల నాటి ఎయిర్ మెయిల్ కవర్లు ఉండవచ్చు. ఇంగ్లాండులో చదువుకున్నవారు రాసినవో, రంగూన్ నుంచి వచ్చినవో, వ్యాపారపు కాగితాలో. స్టాంపు కోసం మూల కత్తిరించకండి. కవరు వెనక్కి తిప్పి చూడండి. ఇంగ్లాండు నుంచి వచ్చినదైతే కరాచీ ముద్ర ఉండవచ్చు, దిగిన ఊరి ముద్ర ఉండవచ్చు. రెండు తేదీలూ ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో చూడండి. అలాంటి కవరు ఎవరి దగ్గరైనా ఉంటే, వచ్చే నెల మొదటి ఆదివారం ఇదే హాలుకు తీసుకురండి. నేను భూతద్దం తెస్తాను, కూర్చుని చూద్దాం.